కెప్టెన్ కాని మా దేవసహాయం బావ

మా బావ దేవసహాయం గారు ప్రభువునందు నిద్రించి నేటికి మూడు వారాలు. ఆ మంగళవారం మధ్యాహ్నం పారమట్టాలోని మా ఆఫీసుకు మేనకోడలు గ్రేస్ ఫోన్ చేసింది. ఇక్కడ ఆస్ట్రేలియాలో పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గాని నోట వచ్చేది ఇంగ్లీషే. "మావయ్యా, డాడ్ ఈజ్ గాన్" అంది, అంతే. ఆయన ఆసుపత్రిలో చేరి నెల దాటింది, డాక్టర్లు ఆశ వదులుకోమని చెప్పేశారు, అయినా ఆ మాట నా చెవికెక్కలేదు. రిసీవరు పెట్టేసి, మధ్యలో వదిలి వచ్చిన మీటింగులోకే తిరిగి వెళ్లి పది నిమిషాలు కూర్చున్నాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. నలభై ఎనిమిదేళ్లు మనిషి పోవలసిన వయసు కాదు.

మన సంఘం వార్షిక సంచికకు నాలుగు మాటలు రాయమని సంపాదకులు అడిగారు. సిడ్నీ తెలుగువారిలో బావను ఎరగనివారు తక్కువ. అయితే ఎరిగినవారిలో చాలామంది ఆయనను 'కెప్టెన్‌గారు' అని, అన్నాక ఓ చిన్న నవ్వు నవ్వుతారు. లేని హోదా చెప్పుకుని నలుగురిలో దొరికిపోయిన మనిషి అని ఆయన మీద ఒక అపవాదు మూడేళ్లుగా నిలిచి ఉంది. అది అబద్ధం. అదెలా పుట్టిందో నాకూ మా అక్కకూ తప్ప ఎవరికీ తెలియదు. అక్క చెప్పదు. కాబట్టి చెప్పవలసినవాణ్ణి నేనే. అయితే ముందు ఆయన ఎవరో చెప్పాలి.

బావ తండ్రిగారు నరసాపురంలో మిషన్ హాస్టలు వంటవాడు. ఆ హాస్టలు పొయ్యి దగ్గరే బావ పెరిగారు. మా అక్క సుగుణ నర్సు. డెబ్బయిల్లో ఆమెకు ఇక్కడ ఉద్యోగం దొరికితే ఆమె వెంట ఈ దేశం వచ్చారు. "నన్ను మీ అక్క సామాన్లలో వేసుకు తెచ్చింది" అని అందరికీ చెప్పి నవ్వించేవారు. ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో కొంతకాలం పనిచేసి, తర్వాత ఇక్కడి సైన్యంలో వంటవాడిగా చేరారు. చివరిదాకా అదే కొలువు. భుజాన రెండు చారలు, కార్పొరల్ హోదా. తర్వాత కొన్నేళ్లకు ఇంజనీరునై వచ్చిన నేను మొదటి ఏడాదంతా తిన్నది ఆయన చేతి అన్నమే.

ఆస్ట్రేలియా సైన్యం నుంచి ఒక దళం మలేసియాలోని బటర్‌వర్త్ వైమానిక స్థావరానికి వెళ్లి, మూడు నెలలు ఉండి వస్తుంది. అది రాగానే మరో దళం వెళుతుంది. బావ అలా నాలుగుసార్లు వెళ్లారు. అక్కడినుంచి వారానికొక ఉత్తరం అక్కకు వచ్చేది, ఆదివారం భోజనాలయ్యాక అక్క మా అందరికీ చదివి వినిపించేది. సైనికుడి ఉత్తరమంటే తుపాకులూ సాహసాలూ ఉంటాయని మొదట్లో ఆశపడేవాణ్ణి. ఉండేవి కావు. తెల్లవారి లేచి గడ్డం గీసుకోవడం, బూట్లకు పాలిష్, ఉదయం గుడ్లు ఎవరికెలా కావాలో, మధ్యాహ్నం వాన, తాడు మీద ఆరని ఆకుపచ్చ చొక్కాలు, సాయంత్రం స్థానికులతో ఆడిన క్రికెట్టులో తాను వదిలేసిన క్యాచ్. "ఇక్కడ శత్రువు కనబడడు. కనబడేది ఆకలి ఒక్కటే. దానితో రోజుకి మూడుసార్లు యుద్ధం" అని ఒక ఉత్తరంలో రాశారు. వంటింట్లో పిండిలో మునిగే బూట్లకు అంత పాలిష్ ఎందుకని నేను వెక్కిరిస్తే, "చూసేవాడి కోసం కాదోయ్, తొడుక్కునేవాడి కోసం" అనేవారు.

ఆ బూట్ల కథ ఒకటుంది. మన వైపు చర్చికి వెళ్లేవారు చెప్పులు గుమ్మం బయట విడుస్తారు. స్థావరంలో చిన్న ప్రార్థనాలయం ఉండేది. అందరూ బూట్లతోనే లోపలికి వెళ్లేవారు, బావ మాత్రం మెట్టు పక్కన విడిచి మేజోళ్లతో వెళ్లేవారు. ఒక ఆదివారం ఎవరో ఆకతాయి ఆ జత దాచేశాడు. బూట్లు లేకుండా వంటశాలలోకి అడుగుపెట్టకూడదని నియమం. బావ నియమం తప్పరు. ఎవరిమీదా ఫిర్యాదూ చెయ్యరు. గంటసేపు స్థావరమంతా మేజోళ్లతో తిరిగి వెతుక్కున్నారు. ఆ రోజు దళమంతటికీ భోజనం ఆలస్యమైంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆయన ప్రార్థన ముగించుకు వచ్చేదాకా ఆ బూట్లకు సైనికులే వంతులవారీగా కాపలా కాశారట.

ఎనభై ఎనిమిదిలో ఆఫీసు పనిమీద నేను కౌలాలంపూర్ వెళ్లినప్పుడు రైలెక్కి బటర్‌వర్త్ వెళ్లి, అనుమతి చీటీతో ఒక ఆదివారం పగలు ఆయనతో గడిపాను. వడ్డించే బల్ల దగ్గర వేరే కుర్రాళ్లు ఉన్నారు. బావ మాత్రం తిన్న కంచాలు తిరిగి ఇచ్చే కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. వంట చేసినవాడు ఎంగిలి కంచాల దగ్గరేమిటి అని నాకు చిరాకు. "పెట్టేటప్పుడు అందరూ థాంక్స్ అంటారు. ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో ఇక్కడే తెలుస్తుంది" అన్నారు. ఇంటినుంచి ఉత్తరం రానివాడు మాంసం వదిలేస్తాడట, చెడ్డ ఉత్తరం వచ్చినవాడు అంతా వదిలేస్తాడట.

నేను చూస్తుండగానే మిక్ అనే సార్జెంటు, నలభై దాటిన భారీ మనిషి, ముట్టని కంచం కిటికీలో పెట్టి వెళ్లబోయాడు. బావ ఏమీ అడగలేదు. కాస్త సాయం కావాలి, మనిషి తక్కువయ్యాడు అని లోపలికి పిలిచి, ఒక పీట చూపించి, బంగాళదుంపలు ఒలవమని చేతికి కత్తి ఇచ్చారు. హోదాలో మిక్ పెద్ద. అయినా కూర్చున్నాడు. ఇద్దరూ అరగంట దుంపలు ఒలిచారు. ఆ తర్వాత మిక్ తనంతట తనే చెప్పడం మొదలుపెట్టాడు. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయిందట. నేను దూరంగా జరిగాను. తిరిగి వచ్చేసరికి మిక్ రొట్టె తింటున్నాడు, బావ పొయ్యి తుడుస్తున్నారు. ఎవరికి ఏ సాయం కావాలో కనిపెట్టి, అది తనకే కావాలన్నట్టు అడగడం ఆయన పద్ధతి.

ఆ రోజు ఆయన నన్ను స్థావరంలో ఎదురైన ప్రతి ఒక్కరికీ పరిచయం చేశారు. "మై బ్రదర్-ఇన్-లా, ఇంజనీర్" అని, ఏప్రాన్ మీదే చెయ్యి తుడుచుకుని నా భుజం మీద వేసి, మళ్లీ మళ్లీ. నాకు మనసులో ముల్లు గుచ్చుకుంది. ఎందుకంటే సిడ్నీలో డాక్టర్లూ ప్రొఫెసర్లూ ఉన్న మన సమావేశాల్లో, మీ బావగారేం చేస్తారని ఎవరైనా అడిగితే నేను వంటవాడని ఒక్కనాడూ చెప్పలేదు. "డిఫెన్స్‌లో ఆఫీసర్" అనేవాణ్ణి. మనవాళ్లకు గవర్నమెంటు ఉద్యోగి ఎవరైనా ఆఫీసరే కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. సైన్యంలో ఆ మాటకు ఎంత బరువుందో నాకు తెలియదు, తెలుసుకోనూ లేదు.

ఆ మరుసటి ఏడాది మన సంఘం వార్షికోత్సవానికి నేను కార్యదర్శిని. రెండు వందల మందికి వంట చేస్తానని బావ తనంతట తానే అన్నారు. ఏప్రాన్‌తో అందరి కళ్లా పడతారని భయపడి, వద్దు, మీరు ముఖ్య అతిథిగా వేదికెక్కి పిల్లలకు బహుమతులివ్వాలి అన్నాను. కార్యక్రమ పత్రం అచ్చువేయించేటప్పుడు ఆయన పేరు ముందు 'కెప్టెన్' అని నేనే రాశాను. ఎవరూ చెప్పలేదు, నేనే రాశాను. ఆయనకు చూపించలేదు.

బావ తన వెంట ఒక అతిథిని తెచ్చారు. బావ చేతి పులిహోర మీద మోజుపడ్డ ఒక యువ అధికారి. వారి యూనిట్‌లో నిజమైన కెప్టెన్. ఇద్దరి చేతుల్లోనూ పత్రం పడింది. నేను మైకులో "కెప్టెన్ దేవసహాయం గారిని వేదిక మీదికి" అని పిలిచాను. బావ ముఖం చూసి అప్పటికి నాకు అర్థమైంది. సైనికుడు తనది కాని హోదా చెప్పుకోవడం సైన్యంలో నేరం. ఆయన నెమ్మదిగా వేదికెక్కి మైకు అందుకున్నారు. "క్షమించాలండీ. నేను కెప్టెన్ని కాను. కార్పొరల్ని, వంట చేస్తాను. వివరాలిచ్చేటప్పుడు పొరపాటు నాదే" అన్నారు. అదే మాట ఇంగ్లీషులో, ముందు వరుసలోని ఆ అధికారి వైపు తిరిగి, "మై మిస్టేక్, సర్" అన్నారు. ఆ అధికారి చేతనే బహుమతులు ఇప్పించి, దిగి, సరాసరి వంటగదిలోకి వెళ్లి ఏప్రాన్ కట్టుకున్నారు. మైకు మళ్లీ నా చేతికి వచ్చింది. ఒక్క వాక్యం చాలు. దానికి బదులు తర్వాతి అంశం పేరు చదివాను.

ఆ సాయంత్రం ఆయన గిన్నెలు కడుగుతూ ఉంటే వెళ్లి, ఎందుకలా అన్నారని అడిగాను.

"నువ్వు రోజూ వీళ్ల మధ్య తిరగాలోయ్. నాదేముంది, ఏడాదికోసారి కనబడేవాణ్ణి. నాలుగు రోజులు నవ్వుకుంటారు, ఊరుకుంటారు" అన్నారు.

ఊరుకోలేదు. మీలో కొందరు 'కెప్టెన్‌గారు' అంటూ ఆయన ఎదుటే నవ్వారు. నేనూ అక్కడే ఉండి, విననట్టు ప్లేటులోకి చూసుకున్నాను. యూనిట్‌లో ఆయనను పిలిచి విచారించారు. అక్కడా పొరపాటు తనదేనన్నారు. ఆ ఏడు సార్జెంటు అవుతారని తోటివారు అనుకునేవారు. కాలేదు. ఈ కారణం చేతనేనా అంటే నాకు తెలియదు. ఆయనను అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆసుపత్రిలో, మాట ఇంకా స్పష్టంగా ఉన్న రోజుల్లో, మంచం పక్కన కూర్చుని, అందరికీ నిజం చెప్పేస్తాను బావా అన్నాను. అప్పటికి ఏడుస్తున్నాను కూడా.

"చెప్తే చెప్పు. కానీ వంటవాడు అన్న మాట దగ్గర గొంతు తగ్గించకు" అన్నారు.

అందువల్ల గొంతు తగ్గించకుండా చెబుతున్నాను. మా బావ దేవసహాయం సైన్యంలో వంటవాడు. పరాయి గడ్డ మీద, పరాయి సైనికులకు, ఎవరు తినలేదో చూసి మరీ తినిపించిన మహనీయుడు. లేని హోదా ఆయన ఏనాడూ కోరలేదు, చెప్పుకోలేదు. కోరింది నేను. రాసింది నేను. ఆయనను చూసి మీరు నవ్విన ప్రతి నవ్వూ నాకు చెందవలసింది. అంతటి ఔదార్యం మా కుటుంబంలో ఇక ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. ఆయన లోటు తీరేది కాదు. ఆ పుణ్యమూర్తికి చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. ఈ నాలుగు మాటలు మూడేళ్ల కిందట చెప్పి ఉంటే ఆయన వినేవారు.