సెవిల్ నగరానికి ఫోన్లో గైడు

ఆ రోజుల్లో, అంటే తొంభైల మధ్యలో, పరాయి ఊరి సంగతి తెలియాలంటే వెళ్ళొచ్చినవాళ్ళని అడగాలి, లేదా నాలాగా ఒక రంగుల బ్రోషరు చదివి వెళ్ళొచ్చినట్టు మాట్లాడాలి. దోహాలో, అల్ దోహా అల్ జదీదా పేటలోని ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో టికెట్లు రాసేవాణ్ణి. నరసాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి రెండేళ్ళయింది. చూసిన దేశాలు రెండు: మనది, వాళ్ళది. ఒకనాడు మా మేనేజరు (కేరళ ఆయన, ఏ భాష మాట్లాడినా కోప్పడుతున్నట్టే ఉండేది) స్పెయిన్‌లోని సెవిల్ నగరం బ్రోషరు నా బల్ల మీద పడేసి, "మీ తెలుగువాళ్ళతో ఒక గ్రూపు నింపు. నిండితే గైడుగా నిన్నే పంపిస్తా. యల్లా, కదులు" అన్నాడు.

ఆ వారం అన్నం తింటూ కూడా సెవిలే చదివాను. కొలంబస్ సమాధి ఉన్న పెద్ద కెథడ్రల్, ఒకప్పుడు మసీదు మినారుగా ఉండి తర్వాత ఆ కెథడ్రల్‌కే గంటల గోపురమైన కట్టడం, పాత మఠంలో పెట్టిన చిత్రాల మ్యూజియం, అన్నీ వీధులతో సహా కంఠతా పట్టాను. దోహాలోనే మదీనత్ ఖలీఫా పేటలో ఉండే హైదరాబాదు డాక్టరుగారి భార్య (వైద్యం ఆయనదే అయినా ఆవిడ్ని డాక్టరమ్మగారనే అనేవాళ్ళం) మొదట ఒప్పుకోలేదు.

"మా వారికి మోకాళ్ళ నొప్పులు బాబూ, గోపురాలవీ ఎక్కలేరు."

"మెట్లే ఉండవమ్మా, వాలుగా దారి ఉంటుంది. పూర్వం గుర్రం మీదే పైకి వెళ్ళేవారట" అన్నాను, ఆ గుర్రాన్ని నేనే కింద కట్టేసి వచ్చినట్టు. ఆవిడ సరేనన్నాక ఇంకో నాలుగు కుటుంబాలు కదిలాయి. నేను కొత్త బూట్లు కొనుక్కున్నాను.

అందరికీ వీసాలొచ్చాయి, నాకు తప్ప. "పెళ్ళికాని కుర్రాడివి, వెళ్తే తిరిగి రావని వాళ్ళ అనుమానం" అని మేనేజరు ఓదార్చాడు (అనుమానం నాకూ ఉండేది). ఇంకో గైడుని పెట్టే ఆలోచన ఆయనకు లేదు. "ఫోనుంది కదా" అన్నాడు. ఎయిర్‌పోర్టులో అందర్నీ విమానం ఎక్కించి, కొత్త బూట్లతో తిరిగొచ్చి, సెవిల్ మ్యాపు బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను.

మర్నాడే సెవిల్లో ఒక వీధి చివరి ఫోన్ బూత్ నుంచి డాక్టరమ్మగారు ఫోన్ చేశారు. "మ్యూజియమన్నావు, ఇది చూస్తే చర్చిలా ఉంది బాబూ."

"ఎదురుగా చెట్లు, మధ్యలో విగ్రహం ఉన్నాయామ్మా?"

"ఉన్నాయి."

"అయితే అదే. లోపలికి వెళ్ళండి."

అలా వారం రోజులు, దోహాలో టికెట్లు రాస్తూనే, ఐదు తెలుగు కుటుంబాలని స్పెయిన్‌లో కుడికీ ఎడమకీ తిప్పాను. గోపురం ఎక్కిన రోజు ఆవిడ గొంతు కాస్త నిష్ఠూరంగా ఉంది. "మెట్లు లేవు, నిజమే. ఎత్తు ఉంటుందని చెప్పలేదేం?"

"డాక్టరుగారు ఎక్కారామ్మా?"

"ఎక్కారు. దిగడానికే ఒప్పుకోలేదు. ఊరంతా కనిపిస్తోందట... ఉండు బాబూ, ఇది విను."

ఆవిడ రిసీవరు బయటికి చాపినట్టుంది. గంటలు. ఒకదాని మీద ఒకటి పడుతూ చర్చి గంటలు. అప్పట్లో దోహాలో చర్చి లేదు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి, మా క్రైస్తవులం ఆ రోజే ఒక విల్లా హాల్లో కిటికీలు మూసి, మెల్లగా పాడుకునేవాళ్ళం. రెండేళ్ళుగా ఆ మోత వినలేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఎదురుగా హైదరాబాదు టికెట్ కోసం కూర్చున్నాయన గడియారం చూపించాడు. "ఒక్క నిమిషం సార్, సెవిల్లో గంటలు కొడుతున్నారు" అన్నాను. మేనేజరు విసురుగా వచ్చి రిసీవరు లాక్కున్నాడు, చెవికి పెట్టుకుని విన్నాడు. నా చేతికి తిరిగిచ్చి వెళ్ళిపోయాడు.

తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను, సెవిల్ మాత్రం వెళ్ళలేదు. అయినా ఎవరైనా అటు వెళ్తున్నామంటే ఊరుకోలేను, కెథడ్రల్ నుంచి మ్యూజియానికి ఏ సందులోంచి నడవాలో చెప్పేస్తాను. మొన్న ఒకాయన, "మీరెప్పుడు వెళ్ళారండీ?" అని అడిగాడు. మా ఆవిడ నావైపు చూసింది.

"తొంభైల్లో" అన్నాను.