నడిబజారులో పీరీల గుండం

2022 ఎండాకాలం. వరంగల్‌కు గంట దూరంలో ఉన్న ఒక చిన్న పట్నంలో, నడిబజారు గుండా సిమెంటు రోడ్డు వేయించే పని నాకు అప్పగించారు. నేను మునిసిపల్ ఇంజనీర్ని. వానలు పడేలోగా పని అయిపోవాలని పైనుంచి రోజూ ఫోన్లు. నాకు అసలే ఓపిక తక్కువ. ఆ నెలంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

రోడ్లు తవ్వేవాళ్లకు ఊరి చరిత్ర వద్దన్నా చెవిన పడుతుంది. మొదట అక్కడ వారానికోసారి జరిగే అంగడి ఒక్కటే ఉండేదట. చుట్టూ నల్లరేగడి చేలల్లో పత్తి బాగా పండటంతో, దూది ఏకే ముస్లిం కుటుంబాలు వచ్చి అంగడి పక్కనే ఇళ్లు కట్టుకున్నాయి. తర్వాత పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు వచ్చింది. దాని వెనకే వరంగల్ నుంచి వైశ్యుల దుకాణాలు వచ్చాయి. ఎవరికి ఎక్కడ చోటు దొరికితే అక్కడ కట్టుకుంటూ పోవడంతో బజారు నానా వంకరలూ తిరిగింది. దాన్ని తిన్నగా చేయడం నా వంతయింది.

సెంటర్ లైన్ అంటే రోడ్డు నడుమ మేం గీసుకునే గీత. కొలతలన్నీ దాన్నిబట్టే. అది సరిగ్గా పీరీల గుండం మీదుగా పోయింది. ఏటా మొహర్రంలో పీరీలను, అంటే గుడ్డలు చుట్టిన ఇత్తడి పంజాలను, ఎత్తినప్పుడు అక్కడ గుంత తవ్వి, నిప్పు చేసి, చుట్టూ ఆడతారు. పండుగయ్యాక పూడ్చేస్తారు. మిగతా రోజుల్లో దాని మీదుగానే ట్రాక్టర్లు పోతుంటాయి. సిమెంటు పోస్తే ఇక తవ్వడం కుదరదు కనుక ముందే మీటింగు పెట్టాను. గుండానికి బదులుగా మార్కెట్ యార్డు దగ్గర స్థలం, షెడ్డు, లైట్లు ఇస్తామన్నాం. అందరికన్నా ముందు లేచింది పీరీలను చూసుకునే ముజావర్ యాకూబ్. బజారులో పరుపుల దుకాణం ఆయనది, మహా నెమ్మదస్తుడు.

"సరే మేడం, అట్లనే కానియ్యుండ్రి" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

కాంక్రీటు పోసే రోజు పొద్దున్నే వెళ్తే, గుండం చోట కుర్చీ వేసుకుని నాగభూషణం సేటు కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న ఎరువుల దుకాణం ఆయనదే. కలిపిన కాంక్రీటును తిప్పుతూ మోసుకొచ్చే ట్రాన్సిట్ మిక్సర్ లారీ అప్పటికే వచ్చి నిలబడింది. ఎండకు కాంక్రీటు తొందరగా బిగుస్తుంది. ఆలస్యమైతే లోడంతా పారబోసుకోవాలి. నాకు ఒళ్లు మండిపోయింది. రోడ్డు కింద దుకాణం అరుగు పోతుందని నాటకమాడుతున్నాడనుకున్నాను.

"సేటు గారూ, మీ అరుగుకేం కాదు. లేవండి."

"అరుగు ముచ్చట ఎవలడిగిండ్రు బిడ్డా? గుండంల మొదటి కట్టె మా ఇంటిది. మా తాత కాన్నుంచి అదే రివాజు. డప్పు మాదిగోళ్లది, కట్టె కొట్టేది వడ్లోళ్లు, పీరీ ఎత్తేది కాపోళ్ల పిలగాడు. ఇంతమందిని అడగకుండ గుండాన్ని ఎట్ల పక్కకు జరుపుతరు?"

"మీటింగుకు మీరే రాలేదు. యాకూబ్ గారు ఒప్పుకున్నారు కదా!"

"ఎందుకు ఒప్పుకున్నడో గా మనిషినే అడుగు."

యాకూబ్ అప్పటికే పరుగెత్తుకొచ్చి సేటు చెయ్యి పట్టుకుని లేపుతున్నాడు. "లేవుండ్రి సేటూ. నా గురించి లొల్లి వద్దు. నాకేం ఫికర్ లేదు."

"అబద్ధమాడకు యాకూబూ. మొన్న నా దుకాణంల కూసోని ఏడిసినవ్ గదా" అన్నాడు సేటు.

యాకూబ్‌ను పక్కకు తీసుకెళ్లి నిజం చెప్పమన్నాను.

"యార్డు కాడికి పోతే అది మా ఒక్కల పండుగైతది మేడం. ఈడుంటెనే ఊరి పండుగ."

"మరి ఆ మాట మీటింగులో ఎందుకు అనలేదు?"

"సేటు వద్దంటే, సేటు వద్దన్నడు అంటరు. నేను వద్దంటే, వీళ్లు రోడ్డు ఆపిండ్రు అంటరు. జర సోచాయించుండ్రి."

వెనక లారీ డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

మా పనిలో బాక్సౌట్ అనేది ఒకటుంది. మ్యాన్‌హోల్ వచ్చే చోట చుట్టూ చట్రం బిగించి, లోపల కాంక్రీటు పడకుండా వదిలేస్తాం. లారీని బజారు అటు చివరకు పంపి అక్కడ పోయించాను. ఈలోగా గుండం చుట్టూ ఇనుప చట్రం కొట్టించాను. తర్వాత లోపల ఇసుక పరిపించి, పైన పేవర్ బ్లాకులు పేర్పించాను. పండుగకు బ్లాకులు ఊడదీసి తవ్వుకోవచ్చు, అయ్యాక మళ్లీ పేర్చుకోవచ్చు. పైవాళ్లు ఇదేమిటని అడిగితే ఊరివాళ్ల అవసరం అని చెప్పాను. కొంత గొణిగి ఊరుకున్నారు.

ఆ తర్వాత మరికొన్ని ఊళ్లలో పనిచేశాను. ఇప్పుడు మీటింగులో కేకలు వేసేవాళ్లను చూస్తే నాకు భయం లేదు. అందరికన్నా ముందు సరే అన్న మనిషి ఎవరో గుర్తుపెట్టుకుని, మర్నాడు వాళ్లింటికి వెళ్లి మళ్లీ అడుగుతాను. వద్దనే ధైర్యం వాళ్లకు లేదేమోనని నా అనుమానం. అప్పుడు కూడా కొందరు నవ్వి సరేనంటారు. ఆ సరే విన్నా మనసు కుదుటపడదు. అన్ని ఊళ్లలోనూ నాగభూషణం సేటు ఉండడు కదా.