జుట్టులో లేని నెలలు

మా వీధిలో నా నోటికి పెద్ద పేరు. మారికుప్పం రైలు కూత కంటే ముందు నా గొంతే వినిపిస్తుందని అమ్మ అందరికీ చెప్పేది. నరసాపురంలో బండ్లు చేసే ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి, కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చే మనిషి అరవకుండా ఎలా ఉంటుంది?

పోయిన ఏడాది అమ్మ గుండెకు ఆపరేషన్ అయింది. ఆ నెలల్లో డ్యూటీకీ ఆస్పత్రికీ మధ్య తిరుగుతుంటే భయంతో నాకు ముద్ద దిగేది కాదు. ఆమె ముందు మాత్రం ఒక్క మాట బయటపెట్టలేదు. అమ్మ బతికితే గుండు కొట్టించుకుంటానని వేళాంగణి మాతకు మొక్కుకున్నాను. బతికింది. వెళ్ళి జుట్టు ఇచ్చేసి వచ్చాను. అయినా ఒకటే బాధ: నేనెంత హడలిపోయానో ఈమెకు తెలియదే! నా నోటితో నేనే చెప్పుకోవాలంటే సిగ్గు.

అందుకే, జుట్టు కత్తిరించి టెన్షన్ కొలిచేవాళ్ళు మా చర్చి హాలుకు వస్తున్నారనగానే ఎగిరి గంతేశాను. మనిషి నలిగినప్పుడు ఒంట్లో పుట్టే కార్టిసాల్ అనేది వెంట్రుకలో చేరుతుందట. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఏ నెలలో ఎంత నలిగామో తెలుస్తుందట. ఆ రిపోర్టు అమ్మ చేతిలో పెడితే చాలనుకుని ఆమెను కూడా వెంటబెట్టుకెళ్ళాను.

కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి నా తలమీది గుడ్డ తీయించి, స్కేలు పెట్టి చూసి పెదవి విరిచింది.

“ఇది మూడు నెలల జుట్టే అక్కా. ఆపరేషన్ నెలలు ఇందులో లేవు. పాత జుట్టేమైంది?”

“వేళాంగణిలో ఉండాది. పోయి తెచ్చేదా?”

ఆ అమ్మాయి నవ్వింది. “అప్పుడు అంత టెన్షన్ పడ్డారా అక్కా? చూస్తే అట్లా అనిపించరే!”

అంతే. “అనిపించరా? డాక్టరు సంతకం పెట్టమంటే పెన్ను జారిపోయినాది! మెషిన్ కాడ నిలబడి ఏడ్చినాను! బస్సులో అందరూ నిద్రపోతా ఉంటే, ఆస్పత్రి నుంచి ఏ కబురొస్తుందో అని ఫోను పట్టుకొని కూర్చున్నాను! నీకేం తెలుసమ్మా?”

హాలంతా మావైపే తిరిగింది. అమ్మ మాత్రం కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకుంటోంది, మొహం వెలిగిపోతోంది. నాకు ఒళ్ళు మండింది.

ఆ అమ్మాయి పాపం మాట మార్చాలని కత్తెర తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ జడను రెండు చేతులా పట్టుకుంది.

“కత్తెర పెట్టగూడదమ్మా. ఇది మొక్కు జుట్టు.”

మొక్కిన జుట్టును మాతకు ఇచ్చేదాకా ఎవరూ కత్తిరించరు. కానీ ఈ మొక్కు సంగతి నేనెప్పుడూ వినలేదు.

“నీకింగ ఏం మొక్కు? బాగైపోతివి కదా!”

“నాకు కాదప్పా, నీకు. ఆస్పత్రిలో ఒక్క దినం కూడా నన్ను తిట్టలేదు నువ్వు. ఇంటికొచ్చినాక, అరుస్తావేమోనని కావాలనే ఉప్పులేని సంగటి పెట్టి చూసినా, తలొంచుకొని తినేసినావు. ఆ భయమంతా నీ లోపలే ఉండిపోయిందని నాకు తెలీదా? నా బిడ్డ మళ్ళా నోరు తెరిచి అరిస్తే గుండు కొట్టించుకుంటానని మొక్కినాను.”

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి నాకు. “బుద్ధుండాదా నీకు? ఈ గుండె పెట్టుకొని అంత దూరం రైల్లో పోతావా? నన్నడగకుండా ఎవరు మొక్కమన్నారు?” అని మళ్ళీ అందుకున్నాను.

అమ్మ ఆ అమ్మాయి వైపు తిరిగి, “నా బిడ్డకు బాగైపోయిందమ్మా,” అంది.