రేకు గోడకు అవతలి చెయ్యి

ఆర్లెన్ టోర్స్‌గార్డ్ తన పికప్ ముందు బంపరుకు రెండు పెద్ద లైట్లు బిగించడం ఉదయమే అయిపోయింది. ఇక వాటి తీగను ఇంజను పక్కనుంచి క్యాబిన్‌లోకి తెచ్చి, స్టీరింగ్ కింద స్విచ్చికి కలపాలి. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు గోడ, అందులో రబ్బరు బిళ్లతో మూసిన చిన్న కంత. ఆ కంతలోంచి ఒకరు నెడుతుంటే లోపల ఇంకొకరు అందుకోవాలి.

ఆ ఇంకొకరు ఎప్పుడూ అతని భార్య లవోన్. ఈ ఇంటికొచ్చిన ప్రతి పికప్‌లోనూ ఆవిడే డాష్‌బోర్డు కింద తలపెట్టి పడుకుని అరిచేది: "వచ్చింది, చాలు! ఇంకా నెట్టావంటే నా ముక్కులో దూరుతుంది!" మొన్న ఆకురాలు కాలంలో ఆవిడ పోయింది. పాస్టరు మొదలుకొని అందరూ జ్ఞాపకాలే తోడుంటాయని ఓదార్చారు. జ్ఞాపకాలు తీగ లాగవు.

తొలిచూలు పెయ్యలు ఇంకొన్నాళ్లలో ఈ మంచులోనే ఈనబోతున్నాయి. ఏది అడ్డం తిరిగిందో, ఏది పడిపోయిందో చీకట్లో కనిపెట్టాలంటే లైట్లు ఉండి తీరాలి. ఒంటిచేత్తో నెట్టుకురాలేకపోతే పెయ్యల్ని సంతకు తోలేస్తానని తనకు తానే చెప్పుకున్నాడు. అవి కూడా పోతే నార్త్ డకోటాలోని ఆ బోసి మైదానంలో పొద్దున్నే మంచం దిగడానికి అతనికి పనంటూ ఉండదు.

తీగ కొసను హ్యాంగరు కడ్డీకి చుట్టి కంతలోకి నెట్టాడు. క్యాబిన్‌లోకొచ్చి చూస్తే కొస కాళ్లకింది తివాచీ వెనక చుట్ట చుట్టుకుని ఉంది. వెనక్కి లాగి మళ్లీ నెట్టాడు. చేతికి తొడుగుంటే తీగ పట్టు చిక్కదు, తీస్తే వేళ్లు కొయ్యబారుతున్నాయి.

అంతలో పక్క పొలం రూబెన్ ట్రెవినో వచ్చాడు. కిందటేడే టెక్సాస్ నుంచి వచ్చి ఆ పొలం కౌలుకు తీసుకున్నవాడు.

"ఏం సార్, నేను లోపల కూర్చుని లాగనా?"

"అబ్బే, నీకెందుకు బాబూ శ్రమ. నాకలవాటే."

ఇక్కడ కాఫీ ఇస్తామన్నా, సాయం చేస్తామన్నా రెండుసార్లు వద్దనాలి. మూడోసారికి, "అంతగా అంటున్నావు కనక" అని ఒప్పుకోవాలి. దీనికి మర్యాదని పేరు. ఉత్త బడాయి, సిగ్గు ముసుగేసుకుందంతే. ఆర్లెన్ రెండోసారి అడగడం కోసం చూస్తూ నిలబడ్డాడు.

"అలాగే సార్, మరి వస్తా," అని రూబెన్ తన బండెక్కేశాడు.

తలుపు వేసేముందైనా అడుగుతాడనుకున్నాడు ఆర్లెన్. ఇంజను మోగింది. ఆర్లెన్ గబుక్కున తన సీటులో దూరి హారన్ మీద అరచెయ్యి వేసి నొక్కాడు. చప్పుడు లేదు. తీగ పనికని బ్యాటరీ వైరు తనే విప్పి పెట్టాడు. తెలిసీ మళ్లీ నొక్కాడు. రూబెన్ బండి దిబ్బ దాటి కనుమరుగైంది. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ వినపడలేదు.

ఇంకోసారి నెట్టి చూశాడు. రాలేదు.

చివరికి తీగను ఇంజను ఫ్యానుకు తగలకుండా కట్టేసి, బ్యాటరీ వైరు తగిలించి, రూబెన్ ఇంటికి బయల్దేరాడు. దారిపొడుగునా ఏమనాలో కూడబలుక్కున్నాడు. రూబెన్ వాకిట్లోకొచ్చేసరికి అందులో ఒక్క ముక్కా మిగల్లేదు.

"తీగ రాలేదు. నువ్వు లోపల కూర్చోవాలి."

"ఇందాక వద్దన్నారుగా?"

"అది మొదటిసారి."

"మరి ఎన్నిసార్లడగాలి సార్?"

"మూడు."

రూబెన్ పగలబడి నవ్వాడు. "మా వైపు వద్దన్నాక మళ్లీ అడిగితే తన్ని పంపిస్తారు!"

ఆర్లెన్ తన బూట్ల వంక చూస్తూ, "పెయ్యలు ఈనేటప్పుడు కూడా ఒక మనిషి కావాలి. నా ఒక్కడి వల్ల కాదు," అన్నాడు.

రూబెన్ నవ్వు ఆగింది. "ఫోన్ చెయ్యండి. ఒక్కసారి చేస్తే చాలు, మూడుసార్లు అక్కర్లేదు."

బ్యాటరీ వైరు మళ్లీ విప్పారు. రూబెన్ గొణుక్కుంటూ డాష్‌బోర్డు కింద దూరాడు. ఆర్లెన్ బానెట్ కిందికి వంగి తీగను కంతలోకి నెట్టాడు. క్షణం సేపు ఏమీ లేదు. తర్వాత అవతలినుంచి గట్టిగా లాగుడు.

లవోన్ మెల్లగా లాగేది. ఇతను గుంజుతున్నాడు.

"వచ్చింది సార్! వదలండి!"

ఆర్లెన్ వెంటనే వదల్లేదు. వేళ్లలోంచి జారిపోతున్న తీగను కొద్దికొద్దిగా అందిస్తూ నిలబడ్డాడు.