విజిల్ మోగని ఇల్లు

భాగ్యరేఖ నోట్లో నాలుక లేని పిల్ల అని, హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్ళో క్యాంప్ వన్ అనే కార్మికుల పేటలో వాళ్ళ సందంతా అనుకునేది. అది తప్పు. నాలుక ఉంది, బాగా పనిచేసే నాలుకే. దానికి పగటిపూట పని చెప్పే ఆచారం మాత్రం ఆ ఇంట్లో లేదు.

తండ్రి త్రినాథరావుది జాముల్ దారిలో ఒక ఫోర్జింగ్ కార్ఖానాలో రాత్రి షిఫ్టు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మని పట్టుకారుతో పట్టుకుంటే పైనుంచి పెద్ద సుత్తి దిగి దాన్ని సాగ్గొడుతుంది. తెల్లవార్లూ అదే మోత. పొద్దున్నే ఇంటికొచ్చి ఇంత తిని మంచం ఎక్కుతాడు. అక్కణ్నుంచి సాయంత్రం దాకా ఆ రెండు గదుల్లో ఎవరూ పెదవి విప్పరు. అది నాయనమ్మ తులసమ్మ పెట్టిన శాసనం. భాగ్యరేఖ తల్లి సూర్యావతి విజయనగరం పక్క పల్లె నుంచి కొత్త కోడలుగా దిగిన రోజే ఆవిడ చెప్పేసింది.

“సూడమ్మా, నైట్ షిఫ్టు సేసొచ్చినోడు పడుకుంతే ఇంట్లో గిన్ని మోగకూడదు. నిద్దర సాలక సుత్తి కింద సెయ్యెట్టీసినోళ్ళున్నారు.”

ఆ మాటకి ఏ కోడలు ఎదురు చెబుతుంది? తులసమ్మ కాలం చేసి చాలా ఏళ్ళయింది గాని శాసనం మాత్రం గుండ్రాయిలా ఉంది. సూర్యావతి పప్పు ఉడకెయ్యాలంటే కుక్కరు పట్టుకుని పక్కింటి సాహూ దీదీ దగ్గరికి వెళ్ళేది. విజిళ్ళన్నీ ఆవిడ పొయ్యి మీద వేయించుకుని, చల్లారాక కొంగుతో పట్టుకుని తెచ్చుకునేది. ఇంట్లో ఫోన్లు బియ్యం డబ్బాలో ఉండేవి. గుమ్మం ముందు త్రినాథరావు చెప్పులు కనబడితే సందులో క్రికెట్ ఆడే పిల్లలు కూడా అవతలి సందుకి పోయేవాళ్ళు. ఈ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడే ఏడుపు మానేసిందని సాహూ దీదీ ఇప్పటికీ చెబుతుంది. అబద్ధమే, కానీ నమ్మబుద్ధేస్తుంది.

బడిలో దీన్నెవరూ పట్టించుకోలేదు. పైగా మెచ్చుకున్నారు. మాట్లాడని పిల్లంటే పంతుళ్ళకి ఎప్పుడూ ముద్దే. బండారం బయటపడింది కాలేజీలో. బీఎస్సీ మొదటి సంవత్సరం, రైలు ప్లాట్‌ఫారం లాంటి క్లాసురూము, గడగడలాడే ఫ్యాన్లు. కెమిస్ట్రీ చెప్పే మనోహర్ సార్ రిజిస్టరులోంచి తల ఎత్తకుండా హాజరు వేస్తాడు.

“ఫార్టీ త్రీ.”

“ప్రెజెంట్ సర్,” అంది భాగ్యరేఖ. ముందు బెంచీ పిల్ల జడ కూడా కదల్లేదు.

“ఫార్టీ త్రీ ఆబ్సెంట్. ఫార్టీ ఫోర్?”

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. క్లాసయ్యాక బల్ల దగ్గరికి వెళ్ళి చెబుదామనుకునేది. అక్కడ నలుగురు ఉండేవాళ్ళు. వాళ్ళ వెనకాల నిలబడి, వాళ్ళతోపాటే వెనక్కొచ్చేసేది. తమాషా ఏమిటంటే, క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరికి ఏ సందేహం వచ్చినా చకచకా జవాబు టైపు చేసేది ఈ పిల్లే. ఆ తెలివైన మనిషి ఎవరో, ఏ బెంచీలో కూర్చుంటుందో ఎవరికీ తెలియదు.

తెలుసుకున్నది రజనీకుమారి. చరోడా రైల్వే క్వార్టర్ల పిల్ల, తాతల నాటి నుంచీ రైల్వే కుటుంబం. నోరు గలవాడిదే రాజ్యం అని నమ్మే మనిషి. ఒకరోజు భాగ్యరేఖ పెదాలు కదలడం చూసి, ఆ వెనకాలే “ఆబ్సెంట్” వినబడేసరికి మండిపోయింది.

“అరే, నువ్వు ఇక్కడే కూకున్నావు గదే! హాజరు తక్కువైతే పరీక్షకి కూకోనివ్వరు, తెల్సా? రేపట్నుంచి నీది కూడా నానే పలికేస్తాను.”

రాని వాళ్ళకి ప్రాక్సీ పలకడం లోకంలో ఉన్నదే. వచ్చి పక్కనే కూర్చున్న పిల్లకి ప్రాక్సీ పలకడం ఆ కాలేజీలో అదే మొదలు. కొన్నాళ్ళు సాగింది. ఒక గురువారం నాడు ఒకే గొంతు రెండు నంబర్లకి పలకడం సార్ చెవిన పడింది. అప్పుడూ తల ఎత్తలేదాయన. చేతిలో పెన్ను మాత్రం ఆగింది.

“ఫార్టీ త్రీకి పలికింది ఎవరో ఆ నంబరు కూడా ఆబ్సెంట్. సోమవారం ఫార్టీ త్రీ స్వయంగా వచ్చి పలకాలి. లేదా తండ్రిని తీసుకురావాలి. కాదంటే ఇద్దరినీ పరీక్షకి పంపను,” అని హిందీలో గట్టిగా చెప్పాడు.

రజనీ లేచి చెప్పబోతే కూర్చోమన్నాడు. తన సంగతైతే భాగ్యరేఖ ఎలాగో దిగమింగేది. తనకి సాయం చేసిన పిల్ల పరీక్ష కూడా పోతుందంటే ఆ ముద్ద గొంతు దిగలేదు. సోమవారం తను పలికితే ఎవరికి వినబడుతుంది? పోనీ నాన్నని తీసుకెళ్దామంటే పగటిపూట ఆయన్ని లేపడమా? తులసమ్మ ఫోటో గోడ మీంచి దిగి వచ్చేస్తుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి తల్లి కుక్కరుతో పక్కింట్లో ఉంది. భాగ్యరేఖ రెండు గదుల మధ్య గడప మీద కూర్చుని ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడవడంలో ఆ పిల్లని మించినవాళ్ళు లేరు.

“ఏటయింది తల్లీ?” అన్నాడు మంచం మీంచి తండ్రి.

ఉలిక్కిపడింది. “నిద్దర పాడు చేసీసానా నాన్నా?” అంది గుసగుసగా.

“పగలు నాకు నిద్దరెప్పుడు పట్టింది గనక? ముందు ఇషయం సెప్పు. గట్టిగా సెప్పు, ఇనబడతాలేదు.”

చెప్పింది. సగంలో సూర్యావతి కుక్కరుతో వచ్చి, ఆ దృశ్యం చూసి హడలిపోయి పెదాల మీద వేలేసుకుంది.

“ఆ ఏలు తియ్యే,” అన్నాడు త్రినాథరావు లేచి కూర్చుని. “రాత్రంతా ఆ మోతలో ఉండొచ్చి ఇక్కడ పడుకుంతే నూతిలో దిగినట్టుంతాది. మీరు ఇంట్లో ఉన్నారో, నన్నొగ్గీసి ఎటేనా ఎల్లిపోనారో తెలీదు. కళ్ళు తెరిసి సూస్తా పడుంతాను. అక్కడ మోతలోనైతే, టిఫిన్ టైములో గోడకి ఆనుకుంతే సాలు, కునుకొచ్చీస్తాది.”

“మరి ఒక్కనాడు సెప్పలేదేటండి?”

“ఏటని సెప్పను? పిల్ల నెమ్మదస్తురాలని పెళ్ళప్పుడు మాయమ్మ సెప్పింది. మీ ఇంటి తీరే అంత గావాల, మాటలు తక్కువ అనుకున్నాను. మాటాడమంతే నొచ్చుకుంతావేమోనని ఊరుకున్నాను.”

సూర్యావతి కుక్కరు ధన్‌మని కింద పెట్టింది. “నానా? నెమ్మదస్తురాలినా? నాను కేకేస్తే చంపావతి ఏటికవతల పశువులు ఎనక్కి తిరిగీవి!”

అని, ఇన్నేళ్ళ మౌనవ్రతం తలుచుకుని పకపకా నవ్వింది. పట్టపగలు తల్లి అంత గట్టిగా నవ్వడం భాగ్యరేఖ ఎప్పుడూ వినలేదు. ప్రేమ కొద్దీ ఒకరు నోరు కట్టుకుంటే, ప్రేమ కొద్దీ ఇంకొకరు నిద్ర మానుకున్నారు. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు గాని, ఈ ఇంట్లో ఊరుకోవడమే కొంప ముంచింది.

“సోమవారం నాను రావొచ్చు. సారు నా మాట ఇంటాడు. రేపు మళ్ళీ నీ మాట ఎవలింటారు?” అన్నాడు తండ్రి, కూతురి కన్నీళ్ళు అరచేత్తో తుడిచి. “పుస్తకం తియ్యి. పైకి సదువు. నాను పడుకుంతాను.”

ఆమె చదివింది. “ఇనబడతాలేదు” అన్నాడు. కాస్త పెంచింది. “గోడకి సెబుతున్నావేటి?” అన్నాడు. ఇంకాస్త పెంచింది. ఆమ్లాలూ క్షారాలూ రెండో గదిలోకి వెళ్ళాయి, సందులోకి వెళ్ళాయి. గొంతు జీరబోయింది, మధ్యలో రెండుసార్లు సిగ్గేసి ఆగింది. పేజీ తిరిగేసరికి మంచం మీంచి గురక వినబడింది. హమ్మయ్య అని పుస్తకం మూసింది.

“ఆపీసావేటి?” అన్నాడు తండ్రి కళ్ళు తెరవకుండానే.

శుక్రవారం, శని, ఆదివారం అలాగే చదివింది. ఆ మూడు రోజులూ ఆయన సాయంత్రం దాకా ఒళ్ళెరక్కుండా నిద్రపోయాడు. నిద్రపోతున్న తండ్రి ముఖం చూస్తూ చదవడం ఆ పిల్లకి ఎంత ఇష్టమైపోయిందంటే, పాఠాలైపోతే మళ్ళీ మొదటికొచ్చేది.

సోమవారం రజనీ బెంచీ కింద ఆమె చెయ్యి పట్టుకుంది. ఫ్యాన్లు ఎప్పట్లాగే గడగడలాడుతున్నాయి.

“ఫార్టీ త్రీ.”

“ప్రెజెంట్ సర్!”

జీరగా, కొంచెం వణుకుతూ, కానీ చివరి బెంచీ దాకా వెళ్ళింది ఆ గొంతు. ముందు వరసల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. మనోహర్ సార్ మొదటిసారి తలెత్తాడు.

“వచ్చావా?” అన్నాడు ఎగతాళిగా. “ఇప్పటికి తీరిందా?”

కూర్చుండిపోవచ్చు. చెప్పమన్నది చెప్పేసింది గదా. భాగ్యరేఖ లేచి నిలబడింది.

“రోజూ వస్తున్నాను సర్. మొదటి రోజు నుంచీ ఈ బెంచీలోనే ఉన్నాను. రోజూ పలికాను కూడా. నాకు గట్టిగా పలకడం వచ్చేది కాదు, అంతే.”

“అవును సర్, రోజూ వచ్చింది!” అని రజనీ అందుకుంది. ఆ వెనకాలే ఇంకో నలుగురు అన్నారు. సార్ కళ్ళజోడు తీసి ఆ పిల్లవంక, ఆ పిల్ల కూర్చునే చోటువంక చూశాడు. తన బల్లకి నాలుగు బెంచీల దూరం.

“నేను తలెత్తి చూడలేదు బేటీ,” అన్నాడు, ఫార్టీ ఫోర్‌ని పిలవడం మరిచిపోయి.