వెంట మనిషి: ఉన్నారు

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, పోయిన వారం నిజామాబాద్‌లో ఒక ఆస్పత్రిలో పోయారు. "బాత్‌రూం కాడ జారిపడ్డడు, వయసు మీదవడ్డది గదా" అని అక్కడివాళ్లు తేల్చేశారు. ఓదార్చడానికి వచ్చినవాళ్లదీ అదే మాట. నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోవద్దు.

ఆయన చూసుకోకుండా అడుగేసే మనిషి కాదు. కోటగిరిలో చెరుకు పండించినన్నాళ్లూ కాలువ గట్టు మీద ముందు కట్టె, వెనక కాలు. నేను ఉరికితే, "ఓరి, కండ్లు నెత్తికెక్కినయా? కట్టె పెట్టినంకనే కాలు పెట్టాలె" అని తిట్టేవారు. బడికి పోని నన్ను చెరుకు బండ్ల దగ్గర కూర్చోబెట్టి, సుద్దముక్క చేతికిచ్చి, "బండికో గీత గియ్యి, అంకెలు అవే వస్తయి" అన్నదీ ఆయనే. ఈరోజు చిట్టా రాసి బతుకుతున్నానంటే ఆ గీతల వల్లే.

కాళ్ల వాపుతో చేర్చాం. లోపలికి తేవద్దని గేటు దగ్గరే గార్డులు కట్టె గుంజుకున్నారు. ఆయన నా భుజం పట్టుకుని, "ఇగ నువ్వే కట్టెవురా" అన్నారు.

వార్డులో నర్సమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని అడిగింది.

"తాతా, ఈ మధ్యల ఎప్పుడన్న పడ్డవా?"

"తల తిరిగి చేన్ల పడ్డ, ఇంట్ల పడ్డ. ఇంకేడ పడాల్నో నువ్వే జెప్పు బిడ్డ."

ఆయన పేరు పక్కన ఎర్ర గుర్తు వచ్చింది. అది ఉంటే మంచం దిగేటప్పుడు సిబ్బంది వచ్చి పట్టుకోవాలి.

"వెంట ఎవరున్నరు?"

"నా తమ్ముని కొడుకు. మాట్లాడడు గని ఉంటడు."

"వెంట మనిషి: ఉన్నారు" అని కొట్టింది. ఎర్ర గుర్తు పచ్చగా మారింది, ఇక సిబ్బంది రానక్కర్లేదని.

మన దగ్గర రోగిని పట్టుకునేది ఇంటివాళ్లే. ఆ నమ్మకం మీదే ఆ కంప్యూటర్ నడుస్తోంది. కానీ పొద్దున డాక్టర్ల రౌండ్స్ మొదలుకాగానే గార్డు ఆ ఇంటివాళ్లనే తరుముతాడు.

"నడువుండ్రి, అందరు బైటికి!"

"మా పెద్దాయన లేస్తే పట్టుకునేటోళ్లు లేరు," అన్నాను.

"లోపల గింతమంది డాక్టర్లున్నరు, నువ్వేం జేస్తవ్?"

డాక్టర్లు వార్డు ఆ చివర ఉన్నారు. ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకున్న మనిషి ఎంతసేపు ఆపుకుంటాడు? కంప్యూటర్ తెర మీద నేను ఆయన పక్కనే ఉన్నాను. నిజానికి మూసిన తలుపు బయట ఉన్నాను. ఆయన ఒక్కరే లేచి బాత్‌రూం దాకా పోయి పడ్డారు. తుంటి విరిగింది. మళ్లీ లేవలేదు.

"మమ్ముల బైటికి పంపినప్పుడు ఆ గుర్తు మళ్ల ఎర్రగయితే మీదేం పోతుండె?" అని నర్సమ్మను అడిగాను.

"రౌండ్స్‌ల మాకు మార్చ తీరదన్నా. దానంతటదే మారేటట్టు పెట్టుమని అడిగినం. ఎవ్వరు పట్టించుకోలె."

వాళ్ల పెద్దసారు మాత్రం, "రికార్డులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. పొద్దున రాసింది సాయంత్రానికి తప్పయితే దిద్దని గుమాస్తాను ఏ సేటూ ఉంచుకోడు.

నిన్న కట్టె కోసం పోయాను. గేటు దగ్గర అది చేతికి రాగానే, ఎవరూ ఆపకముందే వార్డులోకి నడిచాను. ఆయన మంచం మీద ఇంకో ముసలాయన, పక్కన కూతురు. రౌండ్స్ మొదలైనయి, బైటికి నడువుమని గార్డు అరుస్తున్నాడు. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని లేవబోయింది.

"అక్కా, కదలకు," అన్నాను.

గార్డు నా మీదికి వచ్చాడు. పెద్దబాపు కట్టెను మా ఇద్దరి మధ్య నేలకు ఆనించి నిలబడ్డాను. ఆమె డబ్బా కింద పెట్టి, తండ్రి మణికట్టు పట్టుకుని, మళ్లీ కూర్చుంది.