చదవకుండా చెక్కించిన వాక్యం

మా గేటు స్తంభానికి నల్లరాతి పలక ఒకటి ఉంది. రాతిచెక్కడాలకు పేరున్న దుర్గి ఊరెళ్ళి, శిల్పి పక్కనే నిలబడి, అక్షరాలు లోతుగా పడాలని పోరి మరీ చెక్కించాను. కింద అధ్యాయం, వచనం అంకెలు కూడా. మూడేళ్ళు ఆ రాయి గురించి ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ సిగ్గూ ఒకేసారి వస్తాయి.

అది నాకు వాగ్దానంగా వచ్చిన వాక్యం. మా చర్చిలో జనవరి ఒకటో తేదీ పొద్దున పాస్టరయ్యగారు బుట్ట పట్టుకుని నిలబడతారు. అందులో చిన్న చిన్న కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వాక్యం. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే ఏడాదంతా మనకు దేవుడిచ్చిన మాట అదే. మా అమ్మాయి అప్పుడే నర్సింగు చదువుకని గుంటూరు హాస్టల్లో చేరింది. బెంగతో సగమైపోయాను. ఆ ఏడు నా చేతికొచ్చిన కార్డులో ఏముందనుకున్నారు? మనం ఒకరికొకరం కనపడకుండా ఉన్నప్పుడు మన మధ్య జరిగేదంతా దేవుడు కనిపెట్టి చూస్తాడని! అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చాను. నెల తిరక్కముందే రాయి ఎక్కించాను.

అదే నెలలో మా అన్న నాతో మాటలు మానేశాడు. నాన్న పంచిచ్చిన చేలు మావి, పక్కపక్కనే. నా వైపు గట్టు నరికాడని నేను, నరకలేదని తను. సర్వేయరు వచ్చి హద్దురాయి పాతి వెళ్ళాడు. అంతవరకు వింతేం లేదు, గట్టు తగాదా లేని అన్నాచెల్లెళ్ళు మా పల్నాట్లో ఎక్కడున్నారు? తిట్టుకుంటూనే పలకరించుకునేవాళ్ళం. ఉన్నట్టుండి తను మా వీధిలోకే రావడం మానేశాడు. ఎందుకో అంతుపట్టలేదు. రాకపోతే పోయె, నేను మాత్రం తక్కువా అని బిగుసుకున్నాను.

ఈ ఏడు అమ్మాయి చదువు అయిపోయి పెళ్ళి కుదిరింది. ఇక చూడండి నా తిప్పలు. మేనమామ లేని పెళ్ళి పెళ్ళేనా? పెళ్ళికార్డులో అన్న పేరు వేయాలా మానాలా తేలక ప్రింటింగు ప్రెస్సు దాకా వెళ్ళి రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాను. వెళ్ళి పిలుద్దామంటే కాళ్ళు కదలవు, పిలవకపోతే ముద్ద దిగదు.

ఆ రోజుల్లోనే రిటైరైన టీచరమ్మ ఒకావిడ మా ఊరొచ్చి, గురువారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళ చేత బైబిలు చదివించడం మొదలుపెట్టారు. మిరపకాయలు కోసి, మండే చేతులతో వెళ్ళి కూర్చునేవాళ్ళం. ఒక్క వాక్యం తీసి చదువుతామంటే ఆవిడ ఒప్పుకోరు. ముందు అధ్యాయమంతా పైకి చదవాలి, అదీ మూడుసార్లు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, అంతకుముందు ఏం జరిగిందో మేమే చెప్పాలి. "పప్పులో తాలింపు ఏరుకు తింటే భోజనమైనట్టా అమ్మా?" అనేవారు.

ఓ గురువారం ఎవరికిష్టమైన వాక్యం వాళ్ళు చెప్పమన్నారు. అందరికన్నా ముందు నేనే చెయ్యెత్తాను. "నాది రాతి మీదే ఉంది టీచరమ్మా!"

"మంచిది. ఆ అధ్యాయం చదువు," అన్నారు.

చదివాను. అల్లుడు మామకు చెప్పకుండా పెళ్ళాంబిడ్డలనూ మందలనూ తోలుకుని పారిపోతాడు. మామ ఏడు రోజులు వెంటపడి పట్టుకుని గుడారాలన్నీ వెతుకుతాడు. కూతురేమో తండ్రి ఇంటి విగ్రహాలు ఒంటె సామాను కింద దాచి, దాని మీదే కూర్చుంటుంది. అందరం పడీ పడీ నవ్వాం. రెండోసారి చదివేటప్పుడు నా గొంతు నెమ్మదించింది. నా వాక్యం పలికింది ఆ మామే. అల్లుడి మీద నమ్మకం లేక! ఇద్దరూ రాళ్ళు కుప్ప వేసి, ఇది దాటి నేను నీ మీదికి రాను, నువ్వు నా మీదికి రావొద్దని ఒట్టు పెట్టుకుంటున్నారు.

"ఓయమ్మో! ఇది హద్దురాయి కదే!" అంది మా పక్కింటి వదిన. "వాగ్దానమని చెప్పి గేటుకు బెదిరింపు తగిలించావు!"

అందరూ నవ్వుతుంటే సిగ్గుగా ఉంది, కానీ అంతకు రెండింతలు సంతోషంగా ఉంది. చిన్నప్పటి నుంచి చేతిలో ఉన్న పుస్తకమే, అందులో మాలాంటి మనుషులున్నారని ఆ రోజే చూశాను. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని మళ్ళీ చదివాను. అన్నం మాడిపోయింది, మాడితే మాడింది! అప్పుడు కనపడింది, మూడుసార్లు చదివినా పట్టించుకోనిది. రాళ్ళు వేశాక ఆ కుప్ప దగ్గరే కూర్చుని భోజనం చేశారు. కొన్ని వచనాల తర్వాత మళ్ళీ చేశారు. గబగబా ఫోన్ చేశాను.

"టీచరమ్మా, తిన్నారండీ! అక్కడే, ఆ రాళ్ళ దగ్గరే తిన్నారు!"

"మరి నువ్వింకా ఫోన్లోనే ఉన్నావేం?" అన్నారావిడ.

మర్నాడు కోడికూర, గోంగూర పచ్చడి, అన్నం క్యారియర్లో సర్దుకుని హద్దురాయి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అన్న తన చేలో మిరపకు నీళ్ళు కడుతున్నాడు.

"అన్నా, అన్నం తెచ్చా."

సాలు తడిసేదాకా నీళ్ళు కట్టి, పార కింద పెట్టి, చేతులు కడుక్కుని, గట్టుకు తన వైపున కూర్చున్నాడు.

"నీ గేటు రాయి చూసిన రోజే ఇంటికెళ్ళి అధ్యాయం తీసి చదివా," అన్నాడు, నా వైపు చూడకుండా. "నన్ను దొంగను చేసి, నా మీద దేవుణ్ణి కాపలా పెట్టి, ఊరందరికీ కనపడేట్టు రాతి మీద కొట్టిచ్చావు గదే. చానా ఏడ్చా."

మూడేళ్ళు తను మా వీధిలోకి ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

"నేను చదవలేదన్నా," అన్నాను. "కార్డు మీదున్న ముక్క ఒక్కటే చదివా. పిల్ల హాస్టల్లో ఉందని పెట్టిచ్చా."

"చదవకుండానే రాతి మీద చెక్కిచ్చావా?"

"చెక్కిచ్చా."

అన్న నవ్వడం మొదలుపెట్టి ఆపలేక తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

"ఆ రాయి రేపే పీకిస్తా."

"ఎందుకే? వాక్యం ఏం తప్పు చేసింది? ముందు అన్నం పెట్టు."

పెట్టాను. రెండు ముద్దలు తిన్నాక అడిగాడు. "పెళ్ళికార్డు మీద ఏ వాక్యం ఏయిచ్చావే? ఈసారన్నా అధ్యాయం చదివావా?"

"ఇంకా ఏయించలేదన్నా. నువ్వు చదివి చెప్పు."